నాలుగేండ్ల చదువా, నాలుగు గడియల పరీక్షా?

"పరీక్షలు తీసివేసిరి, కళాశాలలు చెడిపోయినవి" యను మాట యీ నడుమ అమెరికాదేశమునుండి, విశేషించి కాలిఫోర్నియా రాష్ట్రమునుండి, పలుమారు వినవచ్చుచున్నది. ఈ మాట యనువారు సామాన్యులు కారు. గణితము బోధించి తలలు నెఱసిన ఆచార్యులు కొందఱు, పత్రికలవారు కొందఱు, తమ బిడ్డ తరగతిలో తక్కువవారు వచ్చి కూర్చుండిరని నొచ్చుకొను తలిదండ్రులు కొందఱు. ఈ కడపటివారిలో మన తెలుగువారును గలరు. ఫ్రీమాంటు, క్యూపర్టీనో మొదలగు పట్టణములలో కాపురమున్న మనవారు ప్రవేశపరీక్షల దేశమున పుట్టి, ప్రవేశపరీక్షలు గెలిచియే సముద్రము దాటినవారగుటచేత పరీక్ష యన్నచో వారికి ఇలవేల్పునం దుండునంత నమ్మకము. గెలిచినవానికి పందెము న్యాయముగానే తోచును. ఓడినవానిని ఎవరును అడుగుటలేదు. ఆ యడుగనిదానిని గూర్చి వ్రాయుటకే మేము పూనుకొంటిమి.

సంగతి మొదటినుండి చెప్పవలసియున్నది. ఆ రాష్ట్రమునందు సామాజిక కళాశాలలు 116 గలవు. ఉన్నతపాఠశాల ముగించిన యెవ్వనినైనను అవి చేర్చుకొనును. ర్యాంకు లేదు, సీటు దొరకలేదను ఏడుపు లేదు. మన చెవుల కిది కృతయుగపు మాటవలె వినబడును. కాని వీథితలుపు తెఱచి యున్నంతమాత్రమున లోపల పీట వేసినట్లు కాదు. చేరిన విద్యార్థి ఇంగ్లీషునందును గణితమునందును ఏ మెట్టున కూర్చుండవలయునను ప్రశ్న ఆ దినముననే పుట్టును. సుమారు 2017వ సంవత్సరము వఱకు చాల కళాశాలలలో ఆ ప్రశ్నకు బదులు చెప్పినది యొక యంత్రము. అక్యుప్లేసరు, కంపాసు అను పేళ్లుగల పరీక్షలను కంప్యూటరు తెరమీద గంటయో గంటన్నరయో వ్రాయించెడివారు. బాలుడు వేసవి సెలవులలో ఏ దుకాణముననో పనిచేసి, బీజగణిత పుస్తకము ముట్టి మాసములు గడచిన పిమ్మట, చేరిక కాగితములమీద సంతకము పెట్టుటకు వచ్చి, "ఇదియు నొక తంతు కాబోలు" నని ఆ తెరముందు కూర్చుండెడివాడు. ఆ గంటలో తన రెండేండ్ల బ్రతుకు తేలిపోవుచున్నదని వానికి చెప్పినవారు తక్కువ.

తక్కువ అంకె వచ్చినచో వానికి క్రిందిమెట్లు. అంకగణితము, బీజగణితమునకు ముందుపాఠము, ప్రారంభ బీజగణితము, మధ్యమ బీజగణితము. వీని నన్నిటిని దాటినగాని కళాశాల గణితము రాదు. ఈ క్రిందితరగతులకు కాలము పట్టును, పుస్తకముల ధర యగును, రుసుమగును. కాని విశ్వవిద్యాలయమునకు మాఱునప్పుడు వీనిని లెక్కలోనికి తీసికొనరు. చదివినదంతయు చదువే కాని పట్టమునకు పనికిరాని చదువు!

ఇచ్చట పాఠకులు మాతోగూడ చిన్నలెక్క వేయవలెను. నూఱుమందిని కళాశాల గణితమునకు మూడుమెట్లు క్రింద కూర్చుండబెట్టితి మనుకొనుడు. ఒక్కొక్క మెట్టున పదిమందిలో ఏడుగురు గెలిచిరనియు, గెలిచినవారిలో పదింట ఎనమండుగురు తరువాతి తరగతికి పేరు వ్రాయించిరనియు అనుకొందము. ఇది చెడ్డ పాఠశాల లెక్క కాదు. చాల ఉదారముగా వేసిన లెక్క. మొదటిమెట్టున డెబ్బదిమంది గెలిచిరి. ఏబదియాఱుగురు ముందునకు పోయిరి. రెండవమెట్టు దాటి ముప్పదియొక్కరు నిలిచిరి. మూడవది దాటి కళాశాల గణితపుగడపలో కాలుపెట్టినవారు పదునెనిమిదిమంది. అది గెలిచినవారు పండ్రెండుగురు. మిగిలిన యెనుబదియెనమండుగురిలో ఎవ్వడును "నీకు గణితము రాదు, పొమ్ము" అని వినియుండడు. ఒకనికి బస్సు వేళ కుదరలేదు, ఒకర్తెకు ఇంటిలో తల్లికి జబ్బు చేసెను, ఇంకొకనికి దుకాణమున పనివేళ మాఱినది. మెట్లు పెరిగినకొలది జాఱుటకు తావులు పెరుగును. ఇంతే.

ఈ లెక్క మా ఊహ. ఆ రాష్ట్రమున ప్రజావిధానసంస్థ 2016వ సంవత్సరమున ప్రకటించిన లెక్కలు మా ఊహకు దూరముగా లేవు. క్రొత్తగా చేరినవారిలో నూటికి ఎనుబదిమంది ఏదో యొక క్రిందితరగతిలో చేరిరనియు, గణితమున క్రిందితరగతులలో చేరినవారిలో నూటికి ఇరువదియేడుగురే కడకు కళాశాల గణితము పూర్తిచేసిరనియు ఆ నివేదిక చెప్పుచున్నది. ఎనుబదిమంది! ఒక వైద్యుడు తనకడకు వచ్చిన నూఱుమందిలో ఎనుబదిమందికి ఒకే రోగమున్నదని చెప్పినచో మనము రోగులను గూర్చి కాక వాని కొలమానమును గూర్చి విచారింతుము. స్పానిషు మాటలాడు ఇండ్ల పిల్లలును నల్లజాతివారి పిల్లలును ఈ యెనుబదిమందిలో తమ పాలికి మించి యుండిరనుట కూడ ఆ నివేదికలోనిదే.

కొలమానమును పరీక్షించినవారు లేకపోలేదు. కొలంబియా విశ్వవిద్యాలయమున సామాజిక కళాశాలల పరిశోధన చేయు పండితులు 2012 మొదలు 2014 వఱకు వెలువరించిన గ్రంథములలో ఈ పరీక్షలు గణితమున సుమారు నాలుగవవంతుమందిని, ఇంగ్లీషున సుమారు మూడవవంతుమందిని తీవ్రముగా తప్పుమెట్టున కూర్చుండబెట్టుచున్నవని తేల్చిరి. ఆ తప్పులలో పెక్కులు పై తరగతి చదువగలవానిని క్రిందికి త్రోయునవి. ఉన్నతపాఠశాలలో వచ్చిన సగటు మార్కు ఇంతకంటె మేలైన సూచికయని వారే చూపిరి. కంపాసు పరీక్షను అమ్ముకొను సంస్థయే 2016లో దానిని అంగడినుండి తీసివేసికొన్నది. కొలబద్ద చేసినవాడే "ఇది సరిగా కొలుచుటలేదు" అని విఱిచివేసిన పిమ్మట కొనినవారు దానికై కన్నీరు కార్చుట మాకు వింతగానున్నది.

పాఠశాల మార్కు ఏల మేలైనది? మాకు తోచినంతవఱకు కారణము సులభము. అది యొక దినపు సాక్ష్యము కాదు. నాలుగేండ్లు, ఇరువదిమంది ఉపాధ్యాయులు, వందలకొలది దినములు కలిసి చెప్పిన సాక్ష్యము. బాలుడు వేళకు వచ్చెనా, ఇంటిపని తెచ్చెనా, ఒకమారు తప్పి మరల నేర్చుకొనెనా యనునవి యన్నియు అందులో గలసియున్నవి. ప్రతిపక్షులు దీనినే దోషముగా పలుకుదురు: "అది శ్రద్ధకు వేసిన మార్కు, జ్ఞానమునకు కాదు" అని. అట్లే కానిండు. కళాశాల తరగతిలో మాత్రము గెలుచుటకు కావలసినదేమి? అచ్చటను వారమువారము రావలెను, వ్రాసి యియ్యవలెను, తప్పినచో లేవవలెను. శ్రద్ధను కొలువని పరీక్ష శ్రద్ధతో నడచు తరగతికి జోస్యము చెప్పలేకపోయినచో అందు వింత యేమున్నది?

ఇట్టి వాదములలో శ్రీనివాస రామానుజన్ పేరు తెచ్చుట మనవారికి అలవాటు. కుంభకోణమున ఇంగ్లీషు తప్పి విద్యార్థివేతనము పోగొట్టుకొన్న కథ అందఱెఱిగినదే. మేము వారిని సాక్షిగా పిలువము. మహామేధావులకొఱకు కళాశాలల నియమములు వ్రాయబడవు. దుకాణమున సాయంకాలము పనిచేసి రాత్రి లెక్కలు చేసికొను బాలునికొఱకు వ్రాయబడవలెను.

కాలిఫోర్నియా శాసనసభ 2017వ సంవత్సరమున 705వ సంఖ్యగల చట్టమును చేసినది. దాని సారము రెండు ముక్కలు. విద్యార్థి యొక సంవత్సరములోపల విశ్వవిద్యాలయమునకు చెల్లు ఇంగ్లీషును గణితమును పూర్తిచేయునట్లు కళాశాల వానిని కూర్చుండబెట్టవలెను. అందులకు వాని ఉన్నతపాఠశాల పాఠములు, మార్కులు, సగటు వీనిని చూడవలెను. పైతరగతిలో గెలుచుట మిక్కిలి దుర్లభమని రుజువైననే తప్ప క్రిందికి పంపరాదు. 2019 శరత్కాలమునాటికి కళాశాలలన్నియు దీనికి లోబడవలసివచ్చినది. అంతకుముందు సంవత్సరము మొదటిసారి గణితము పట్టినవారిలో సుమారు నాలుగవవంతుమంది ఒక్క పర్యాయములో కళాశాల గణితము పూర్తిచేసియుండగా, 2019లో నూటికి నలుబదిమంది చేసిరి.

ఇచ్చట ప్రతిపక్షులు మఱియొక లెక్క చూపుదురు. "తరగతిలో కూర్చున్నవారిలో తప్పినవారి పాలు పెరిగినదిగదా!" యందురు. పెరిగినమాట నిజము. మునుపు ఏఱి తెచ్చిన కొద్దిమందిని కూర్చుండబెట్టి గెలుపుశాతము చూచుకొనెడివారు. ఇప్పుడు అందఱును కూర్చున్నారు. గడపకు వెలుపలనే ఆగిపోయినవారు ఆ పాతశాతములో ఏ గడియందును కనబడరు. వారిని లెక్కింపక తీసిన శాతము ఆచార్యునికి సౌఖ్యము, ప్రజకు నష్టము. తరగతి యెంత చక్కగానున్నదను ప్రశ్న ఆచార్యునిది. వచ్చినవారిలో ఎందఱు గట్టెక్కిరను ప్రశ్న పన్ను కట్టు ప్రజలది. మేము రెండవ ప్రశ్ననే అడుగుచున్నాము.

న్యూయార్కు నగరవిశ్వవిద్యాలయమువారు 2013లో చేసిన ప్రయోగము మాకు మిక్కిలి నచ్చినది. ప్రారంభ బీజగణితము చదువవలసినవారని నిర్ణయింపబడిన సుమారు తొమ్మిదివందలమందిని చీట్లు వేసినట్లు పంచి, కొందఱిని ఆ బీజగణితమునకే పంపి, కొందఱిని ఏకముగా కళాశాల గణాంకశాస్త్రమున కూర్చుండబెట్టి వారమున కొకమారు సాయపాఠము చెప్పించిరి. బీజగణితమున నూటికి ముప్పదితొమ్మిదిమంది గెలిచిరి. "తగని" గణాంకశాస్త్రమున ఏబదియాఱుగురు గెలిచిరి. క్రిందిమెట్టుకంటె పైమెట్టు సులువైనది! కారణ మేమనగా ఆ పైమెట్టు వారి చదువులకు పనికివచ్చునది, ప్రక్కన సాయపడు మనుష్యుడున్నాడు. న్యూయార్కు రాష్ట్రపు కళాశాలలలోనే పాఠశాల మార్కులను పరీక్షాంకములతో కలిపి చూచిన మఱియొక పరిశోధనలో, క్రొత్తలెక్కచేత పైకి జరుపబడినవారు బాగుపడిరి. క్రిందికి జరుపబడినవారు వెనుకబడిరి. దీనినిబట్టి మా పక్షము చెప్పుచున్నాము: మార్కు తలుపు తెఱచుటకు వాడవలెను, తలుపు మూయుటకు ఏ యొక్క మార్కును చాలదు.

ఇంతవఱకు మాకు అనుకూలమైనవి చెప్పితిమి. ఇక మాకు ప్రతికూలమైన వాని నన్నిటిలో బలమైనది 2025 నవంబరున వెలువడినది. శాండియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు తమ క్రొత్త విద్యార్థుల గణితస్థితిని గూర్చి యొక నివేదిక ప్రకటించిరి. ఉన్నతపాఠశాల గణితమే సరిగా రానివారు చేరినవారిలో ఎనిమిదింట ఒక పాలుగానుండిరట. అయిదేండ్లలో అట్టివారి సంఖ్య సుమారు ముప్పదిరెట్లు పెరిగినదట. ఏడును రెండును కూడినచో వచ్చునది ఏ యంకెకు ఆఱు కూడినచో వచ్చునను ప్రశ్నకు, వారికై పెట్టిన తరగతిలో సుమారు నాలుగవవంతుమంది తప్పు వ్రాసిరట. వీరిలో నాలుగవవంతునకు పైబడినవారు తమ పాఠశాలలో గణితమున నాలుగింట నాలుగు, అనగా పూర్ణమైన సగటు, తెచ్చుకొన్నవారట!

దీనిని చదివి మేము సిగ్గుపడవలెనని ప్రతిపక్షులు తలచుచున్నారు. సిగ్గుపడవలసినవారు వేఱే యున్నారు. బిడ్డచేతిలో పూర్ణమైన మార్కు పెట్టి, ఏడును రెండును తొమ్మిదియని నేర్పక పంపిన పాఠశాలవారు సిగ్గుపడవలెను. కల్తీబియ్యము అమ్మినచో బియ్యము తినుట మానుకొందుమా? అంగడివానిని పట్టుకొందుము. మార్కు అబద్ధమాడినచో అబద్ధమెక్కడ పుట్టినదో అక్కడ దానిని పట్టుకొనవలెను. ఆ యబద్ధమును పట్టుకొను సాధనము ఆ రాష్ట్రముచేతిలోనే యున్నది. అది మఱచి క్రొత్తపరీక్షలకై వెదకుచున్నారు. పదునొకండవ తరగతి బాలబాలికలందఱును ప్రభుత్వపు పరీక్షను వ్రాయుచున్నారు. అది ఏ కంపెనీయో వేసవిలో గంటసేపు పెట్టునది కాదు. చదువు నడుచుచుండగా, తమ పాఠశాలలోనే, తామెఱిగిన బల్లలమీద వ్రాయునది. దాని ఫలితములు నాలుగు తరగతులుగా వచ్చును. రాష్ట్రవిశ్వవిద్యాలయమువారు 2004 నాటినుండియే పదునొకండవ తరగతి ఫలితము చూచి "నీవు సిద్ధముగానున్నావు", "ఇంక నొక యేడు గణితము విడువకుండ చదువుము" అని ముందుగా చెప్పుచు వచ్చిరి. ఈ సలహాలోని మేలు చూడుడు. పండ్రెండవ తరగతి యింకను ముందున్నది, దిద్దుకొనుటకు కాలమున్నది. కళాశాల గడపలో పెట్టిన పరీక్షకు ఈ గుణము లేదు. అది చెప్పునప్పటికి చేయగలిగిన దేమియు మిగులదు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమో, పాతపరీక్షలను 2020లో త్రోసిపుచ్చి, ప్రవేశములకు ఈ ప్రభుత్వపరీక్షను కూడ 2021లో వలదన్నది. మార్కును ఒంటరిగా నమ్మి, దానిని నిలదీయు సాక్షిని బయటకు పంపి, నాలుగేండ్లు తిరుగకమునుపే "మార్కు మోసము చేసినది" యని మొఱపెట్టుట న్యాయమా?

ఆచార్యుల పక్షమున నిజమున్న యొకచోటును మేము దాచము. గణాంకశాస్త్రము వేఱు, కలనగణితము వేఱు. 2022లో చేసిన 1705వ సంఖ్యగల చట్టము ననుసరించి, విజ్ఞానశాస్త్రములు, ఇంజనీరింగు చదువగోరువారిని 2025 శరత్కాలమునుండి చాలవఱకు నేరుగా కలనగణితమున కూర్చుండబెట్టవలెనని యేర్పాటైనది. ఇది మాకు సమ్మతము కాదు. భిన్నములు సరిగా రానివానికి వారమున కొకమారు సాయపాఠము చెప్పి అవకలనము నేర్పుదు మనుట పెద్దపిచ్చి. గణాంకశాస్త్రమున గెలిచిన యుపాయము అన్నిచోట్లను గెలుచునని సంస్కర్తలు తలచిరి. సంస్కర్తలకు తమ మొదటి గెలుపే తఱచు శత్రువగుచున్నది. కలనగణితమునకు ముందు ఏ పాఠములు చదివెను, పదునొకండవ తరగతి ప్రభుత్వపరీక్షలో ఏ తరగతి వచ్చెను అను రెండును చూచి, రెండును తక్కువైనవానికి ఒక్క పర్యాయపు ముందుపాఠము పెట్టుట న్యాయము. ఒక్క పర్యాయము, నాలుగు కాదు. అదియు వాని పట్టపు లెక్కలో చేర్చవలెను.

మన యూరి సంగతి రెండుమాటలు చెప్పకుండ ఉండలేము. మన రాష్ట్రములలో బిడ్డను ఏ మెట్టున కూర్చుండబెట్టవలయునని అడిగినవారే లేరు. లోపలికి రానిత్తుమా లేదా యన్నదే మన ప్రశ్న. ఎంసెట్టులో ఇంటర్మీడియెటు మార్కులకు నాలుగవవంతు విలువ యుండెడిది. ఆంధ్రప్రదేశమున అది మహమ్మారి యేండ్లలో ఆగి మరల వచ్చినది. తెలంగాణమున 2023లో పూర్తిగా తీసివేసిరి. రెండేండ్ల చదువు మూడుగంటలయెదుట సున్న యైనది. ఇక లోపలికి వచ్చినవారు, మొదటి ర్యాంకువాడును కడపటి ర్యాంకువాడును, ఇంగ్లీషు మాధ్యమమున చదివినవాడును తెలుగులో చదివినవాడును, ఒకే దినమున ఒకే గణితపాఠమును ఒకే వేగముతో విందురు. తప్పినవాని ఖాతాలో బాకీ సబ్జెక్టులు పేరుకొనును. అమెరికావారు తప్పుగా మెట్లు కట్టిరని మేము తిట్టుచున్నాము. మనము మెట్లే కట్టలేదు.

కట్టినచోటు ఒకటి గలదు. 2008లో స్థాపింపబడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము, నూజివీడు, బాసర, ఇడుపులపాయలందు, పదవతరగతి మార్కులే ఆధారముగా పల్లెల పిల్లలను చేర్చుకొన్నది. ప్రభుత్వపాఠశాలలో చదివినవారి గ్రేడు సగటునకు 0.4 కలిపెడివారు. చేరినవారికి ఇంజనీరింగు మొదలిడకముందు రెండేండ్లు అచ్చటనే ముందుచదువు చెప్పిరి. ఆఱేండ్ల చదువులో ఆ రెండేండ్లును లెక్కలోనివే. పదవతరగతి పరీక్షలు రద్దైన మహమ్మారి యేండ్లలో మాత్రము ప్రవేశపరీక్ష పెట్టవలసివచ్చినది. దీని లోపములు మే మెఱుగుదుము. అధ్యాపకుల కొఱతయు, వసతులపై విద్యార్థుల నిరసనలును పత్రికల కెక్కినవే. కాని ఆ మూలాలోచన నేటి కాలిఫోర్నియావారికంటె మనవారికి ముందు తట్టినది: మార్కును నమ్ము, అది పుట్టిన పాఠశాలను చూచి సవరించు, పిమ్మట బోధించు. మన తాతలు చదివిన ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకమున కూడ ప్రభుత్వపరీక్ష మార్కుల ప్రక్కనే పాఠశాల యిచ్చిన మార్కులుండెడివి. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చదువుట మనకు క్రొత్త విద్య కాదు.

కాలిఫోర్నియావారు చేయవలసినదియు అంతియే. ప్రతి యున్నతపాఠశాల యిచ్చిన గణితపు సగటును, అదే పిల్లలకు ప్రభుత్వపరీక్షలో వచ్చిన తరగతిని, ఏటేట ప్రక్కప్రక్కన అచ్చువేసి ప్రకటింపవలెను. పూర్ణమార్కుల పిల్లలు ప్రమాణము నందుకొనని పాఠశాల యేదో ఊరివారు చూతురు. ఆ పాఠశాల ప్రధానోపాధ్యాయుడు బదులు చెప్పుకొనును. కళాశాలయందు మాత్రము రెండింటిలో ఏది పైకి చూపినను బిడ్డను అచ్చటనే కూర్చుండబెట్టి, రెండవది సందేహము చెప్పినచో సాయపాఠము తోడుచేయవలెను.

ఇన్ని చెప్పినను, "మా పరీక్ష మాకు కావలెను, మేమే కొలిచి మేమే క్రిందికి పంపుదుము" అను కళాశాలలు ఉండవచ్చును. వారితో మాకొక బేరము గలదు. ఆ రాష్ట్రమున సామాజిక కళాశాల రుసుము యూనిటు ఒక్కంటికి 46 డాలర్లు. కళాశాల తన పరీక్షనుబట్టి పంపిన క్రిందితరగతి రుసుమును, పుస్తకముల వెలను కళాశాలయే తన బొక్కసమునుండి భరించవలెను. విద్యార్థి యొక్క డాలరును కట్టరాదు. ఈ నియమము పెట్టిన మఱుసటి యేడు నూటికి ఎందఱు క్రిందితరగతులకు తగినవారుగా తేలుదురో చూడవలెనని మాకు మిక్కిలి కుతూహలముగా నున్నది.